చిన్నోడికి నాన్న రాసేది

ఒరేయ్ చిన్నోడా, నీ ఫోన్ వచ్చి మూడు వారాలు. మీ అమ్మ నాకేం బెంగ లేదంటానే రోజుకి పదిసార్లు ఫోన్ తీసి చూస్తంది. గోంగూర పచ్చడి కొరియర్ చేశాం, పైన నూనె తేలకపోతే కాచి చల్లార్చి పోసుకో, తడి స్పూన్ పెట్టబాక.

వేరే విశేషం ఏం లేదులే. రూతత్త కొడుకుతో అన్నావంట, చర్చి మానేశాననీ, సాతాను, పునరుత్థానం అన్నీ పర్షియాలో పుట్టిన పార్సీల మతం నుంచి తెచ్చుకున్నవే అనీ. నేనైతే పట్టించుకోలా. కాకపోతే ఆ రాత్రి నిద్ర పట్టక బైబిల్ తీశా.

నాలుగో క్లాసులో సండే స్కూల్లో లేచి అడిగావు గుర్తుందా, రెండో సమూయేలు 24లో జనాన్ని లెక్కపెట్టమని దావీదుని పురికొల్పింది దేవుడంట, మొదటి దినవృత్తాంతాలు 21లోనేమో సాతానంట, ఇద్దర్లో ఎవరు టీచర్ అని. ఆవిడ కూర్చోమన్నా కూర్చోలేదంట. అందరి ముందూ పరువు పోయిందని ఇంటికొచ్చాక నీ వీపు మీద ఒక్కటిచ్చా. నువ్వు ఏడవలా, పప్పన్నం కంచం ముందు పెట్టుకుని ముద్ద ముట్టకుండా తొమ్మిదిదాకా అట్టాగే కూర్చున్నావు, అన్నం ఎండిపోయింది, మీ నాయనమ్మ వారం రోజులు నాతో మాట్లాడలా.

మొన్న అవే రెండు అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదివా. సమూయేలు పాతది, దినవృత్తాంతాలు యూదులు బబులోను చెర నుంచి తిరిగొచ్చాక రాసింది. మధ్యలో క్రీ.పూ. 539లో పర్షియా రాజు కోరెషు బబులోనుని పట్టుకున్నాడు, ఆయన్నే యెషయా 45లో దేవుడు అభిషేకించినవాడన్నారు గదా, అన్యుడైనా సరే. రెండొందల ఏళ్ళు పర్షియా ఏలుబడిలో ఉంటే ఏదీ అంటకుండా ఉంటదా? సిలువ మీద దొంగకి ప్రభువు చెప్పిన పరదైసు ఆ పర్షియా వాళ్ళ మాటేనంట, చుట్టూ గోడ కట్టిన తోట అని.

అట్టాగని అంతా అక్కడిదే అంటే ఒప్పుకోన్రా. సృష్టి గురించి చెప్పే పార్సీల గ్రంథం బుందహిష్న్ ఇప్పుడున్న రూపంలో క్రీ.శ. 9వ శతాబ్దం నాటిది, ఎవరి నుంచి ఎవరికి పోయిందో అంత తేలిగ్గా తేలదు. పైగా అదే యెషయా 45లో పార్సీల్లాగా మంచికొకరు చెడుకొకరు అనకుండా, వెలుగూ చీకటీ రెండూ నేనే చేశానంటాడు యెహోవా. సగం చదివి తీర్పులిచ్చేస్తావు, చిన్నప్పుడు లెక్కల్లోనూ అంతే, స్టెప్పులుండవు, ఆన్సరొకటే. సర్లే, ఆపుతా.

చర్చి సంగతి నేనేం అడగలా. ఆదివారమైతే ఒంటిగంట దాటాక ఫోన్ చెయ్. క్రిస్మస్‌కి టికెట్ తీశావా లేదా? ఆ రెండు అధ్యాయాల దగ్గరా చీటీలు పెట్టి ఉంచా.