అలల కరెంటుకు చోటు వెతకడానికి రంగుల మ్యాపు చాలదు

సంపాదకులకు నమస్కారం.

సముద్రపు అలల నుంచి కరెంటు తీసే ప్లాంట్ల మీద వార్త వస్తే, పక్కనే ఒక రంగుల మ్యాపు కూడా వేస్తారు. ఎరుపు ఎక్కడ చిక్కగా ఉంటే ప్లాంటు అక్కడ పెట్టాలన్నట్టు రాస్తారు. ఆ ఎరుపు చూపించేది అలల బలానికి ఏడాది సగటు. చోటు ఎంచుకోవడానికి సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. అల ఎత్తును దానితోనే గుణించి, అలకీ అలకీ మధ్య పట్టే సెకన్లతో మళ్లీ గుణించి సగం చేస్తే, లోతు నీళ్లలో మీటరు వెడల్పుకు ఎన్ని కిలోవాట్లో సుమారుగా తెలుస్తుంది. 2 మీటర్ల అలలు 8 సెకన్లకొకటి వస్తుంటే 16 కిలోవాట్లు. ఎత్తు 4 మీటర్లయితే 32 కాదు, 64. అంటే కొన్ని తుఫాను రోజులే ఏడాది సగటును పైకి లాగేయగలవు. ఆ రోజుల్లో చాలా యంత్రాలు కరెంటు తీయడం మానేసి తమను తాము కాపాడుకునే పనిలో ఉంటాయి. కట్టేటప్పుడు డబ్బు మాత్రం ఆ రోజులను తట్టుకోవడానికే పోయాలి. 1995లో స్కాట్లాండ్ ఉత్తర తీరంలో ఆస్ప్రే అనే యంత్రం బిగింపు పని పూర్తికాక ముందే అలల దెబ్బకు దెబ్బతిని మునిగిపోయింది. ఆ తీరంలో అలలకు కొదవ లేదు మరి!

రుతువుల సంగతి ఇంకొకటి. కేరళలోని విళింజంలో 1991లో 150 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు కట్టారు. నైరుతి రుతుపవనాలప్పుడు అక్కడ సముద్రం బాగా లేస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. అలాంటి చోట సగటు కంటే అన్నిటికన్నా నీరసమైన నెల ఎంత ఇస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఒడ్డుకు దగ్గరయ్యే కొద్దీ అల నేలకు రాసుకుని బలం కోల్పోతుంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొన దగ్గర అలలు ఒకచోట చేరతాయి, తీరం లోపలికి వంపు తిరిగిన చోట విడిపోతాయి. కాబట్టి కిలోమీటరు దూరంలోనే లెక్క మారిపోవచ్చు. అనుకున్న చోటే బోయా (నీటిమీద తేలుతూ అలలను కొలిచే పరికరం) వేసి కొన్నేళ్లు కొలవకుండా మ్యాపును నమ్మితే ఎలా?

బలం తగ్గినా ఒడ్డుకు ఆనుకున్న చోటే లాభం కావచ్చు. స్పెయిన్‌లోని ముత్రికులో ఓడరేవును కాపాడే అడ్డుగోడలోనే 16 టర్బైన్లు పెట్టారు. 2011లో మొదలైంది, మొత్తం 296 కిలోవాట్లే. కానీ మెకానిక్ నడిచి వెళ్లి రిపేరు చేయగలడు, సముద్రం అడుగున పొడవాటి కేబుల్ అక్కర్లేదు. పోర్చుగల్‌లో మాత్రం ఒడ్డుకు దూరంగా సముద్రంలో 2008లో నిలిపిన పెలామిస్ అనే మూడు అలల యంత్రాలను కొద్ది నెలలకే రేవుకు లాక్కొచ్చారు. బేరింగుల్లో సమస్య వచ్చింది, కంపెనీకి డబ్బు కష్టాలూ తోడయ్యాయి. పనిముట్లున్న రేవు, తీరానికి దగ్గరలో సబ్‌స్టేషన్ లేకపోతే ఎంత ఎరుపున్నా ఏం లాభం?

వేటకు వెళ్లేవాళ్లను చోటు ఖాయమయ్యాక మీటింగు పెట్టి పిలవడం కాదు, మొదటే అడగాలి. ఏ నెలలో అల ఏ మూల నుంచి తిరుగుతుందో, అడుగున రాయి ఎక్కడుందో, ఇసుక ఎక్కడుందో వాళ్లకు తెలుసు. లంగర్లు, కేబుళ్లు పడ్డాక వలలు లాగలేక నష్టపోయేదీ వాళ్లే.

పనిలో పనిగా ఒక మనవి. వార్తల్లో అలలను, ఆటుపోట్లను కలిపేస్తున్నారు. ఫ్రాన్స్‌లో 1966 నుంచి నడుస్తున్న 240 మెగావాట్ల రాన్స్ కేంద్రం ఆటుపోట్లది. దానికి కావలసిన చోటు వేరు.

ఇకమీదట ఏ తీరాన్నైనా ఎంపిక చేశారని వార్త వేసేటప్పుడు మ్యాపు పక్కన నాలుగు అంకెలు అడిగి వేయండి: నెలవారీ సగటు, అక్కడ రాగల అతి పెద్ద అల ఎత్తు, రేవుకు దూరం, సబ్‌స్టేషన్‌కు దూరం.

ఇట్లు,
మీ పాఠకుడు