జరగని ప్రదర్శనకు పోస్టరు అమ్మారు

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ఫ్రేము కట్టి పంపిన రెండు ఆర్ట్ పోస్టర్లను వెనక్కి తీసుకుని, పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వడం గురించి.

నమస్కారం.

హాల్లో సోఫా వెనక గోడకు పెట్టుకుందామని మీ వెబ్‌సైటులో రెండు పోస్టర్లు కొన్నాను. ఒకటి 1953లో పారిస్‌లోని బెర్‌గ్రూయన్ గ్యాలరీలో జరిగిన చిత్రకారుడు హెన్రీ మతీస్ కాగితపు కత్తిరింపుల ప్రదర్శనది. రెండోది చిత్రకారుడు కాండిన్‌స్కీ గీసిన బొమ్మ ఉన్న, జర్మనీలోని బౌహౌస్ అనే కళా డిజైన్ స్కూలు పోస్టరు. రెండూ అసలు పోస్టర్లకు ఉన్నదున్నట్టు తీసిన ప్రతులనీ, లితో (రాతి అచ్చు) ముద్రణ అనీ, కాగితాన్ని పాడుచేయని ఆసిడ్ లేని అట్ట మీద మౌంటు చేశామనీ మీరు రాశారు. ఆనాటి అసలు పోస్టర్లు కావని నాకు తెలుసు, వాటి ధరా తెలుసు. ప్రతి కోసమే డబ్బు కట్టాను. మీరు పంపినవి ప్రతులు కూడా కావు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది కాండిన్‌స్కీ పోస్టరు. దాని మీద పెద్ద అక్షరాలతో "బౌహౌస్, వైమార్, 1953" అని ఉంది. బౌహౌస్ స్కూలు 1919లో వైమార్‌లో మొదలై, 1925లో డెస్సావుకు మారి, 1933లో నాజీల ఒత్తిడికి బెర్లిన్‌లో మూతపడింది. కాండిన్‌స్కీ 1944లో చనిపోయాడు. 1953లో వైమార్‌లో ఆ స్కూలే లేదు, ఇక ప్రదర్శన ఎవరు పెట్టారు? 1923కు అచ్చుతప్పేమో అని కూడా చూశాను. 1923లో వైమార్‌లో జరిగిన ప్రదర్శనకు యూస్ట్ ష్మిట్ చేసిన పోస్టరు చాలా ప్రసిద్ధం. ఎరుపు నలుపుల్లో, ఏటవాలుగా ఉంటుంది. మీరు పంపినదానికి దానితో ఏ పోలికా లేదు. ఎక్కడిదో ఒక బొమ్మ తీసుకుని, కింద ఒక ఊరూ ఒక సంవత్సరమూ కల్పించి అతికించారు.

ప్రదర్శన పోస్టరు ఒట్టి బొమ్మ కాదండీ. ఫలానా చోట, ఫలానా రోజుల్లో, ఫలానా వారి చిత్రాలు పెడుతున్నాం, వచ్చి చూడండి అని ఊరిని పిలిచిన కాగితం. శుభలేఖ లాంటిది. జరగని పెళ్లికి శుభలేఖ అచ్చువేసి గోడకు పెట్టుకోమంటే ఎలా? మా అన్నయ్య కూతురు ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా గోడ మీద ఉన్నవన్నీ చదువుతుంది. తనకు ఈ అబద్ధాన్ని నేను చూపించలేను.

మతీస్ ప్రదర్శన నిజంగా జరిగింది. కానీ మీ ఫ్రేములో పట్టించడానికి అడుగున ఉన్న అక్షరాల పట్టీని సగానికి కోసేశారు. మీ సైటులోని ఫొటోలో ఆ పట్టీ మొత్తం కనిపిస్తోంది, స్క్రీన్‌షాట్ జతచేశాను. ముద్రణ సంగతి ఇంకా అన్యాయం. లితోలో ఒక్కో రంగుకూ ఒక్కో రాయి లేదా జింకు పలక ఉంటుంది. రంగు కాగితం మీద నిండుగా, చదునుగా పడుతుంది. పారిస్‌లో మూర్లో అచ్చుశాల మతీస్, పికాసో, జోన్ మీరో లాంటి చిత్రకారుల పోస్టర్లు అలాగే వేసింది. ఈ పద్ధతి మనకూ పాతదే. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలు రాతి అచ్చువే. మీరు పంపినదాన్ని భూతద్దం కింద పెడితే ఇంక్‌జెట్ చల్లిన సన్నటి చుక్కలు తప్ప ఏమీ లేవు. రంగు పూసిన కాగితాలను కత్తెరతో కోసి కూర్చిన బొమ్మకు ఆ చదునైన రంగే ప్రాణం. చుక్కలతో నీలం నీలంగా లేదు, కత్తిరించిన అంచులు మసకబారాయి.

ఇక మౌంటు. వెనక అట్ట విప్పి చూస్తే పోస్టరును నేరుగా ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలకకు జిగురుతో అంటించేశారు. విశాఖ గాలిలో తేమకు అప్పుడే బుడగలు లేచాయి. ఊడదీస్తే కాగితం చిరిగిపోతుంది.

ఫోన్ చేస్తే మీ సిబ్బంది, "డెకరేషన్‌కే కదా మేడం, అంత దగ్గరగా ఎవరు చూస్తారు?" అన్నారు. నేను చూస్తాను. రోజూ చూడాలనే కొనుక్కున్నాను.

రెండు పోస్టర్లనూ మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని, డెలివరీ చార్జీలతో సహా మొత్తం సొమ్ము నా ఖాతాకు పంపండి. మార్చి ఇస్తామంటే నాకు వద్దు. ఆ బౌహౌస్ పోస్టరును సైటు నుంచి తీసేయండి, ఇప్పటికే కొన్నవారికి ఆ ప్రదర్శన కల్పితమని తెలియజేయండి. ఇంక్‌జెట్ ముద్రణను ఇంక్‌జెట్ అనే రాయండి.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోబోమని అనడానికి అమ్మకందారుకు వీల్లేదు. గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా కమిషన్‌కు వెళతాను.

బిల్లు, భూతద్దంతో తీసిన ఫొటోలు, బుడగల ఫొటోలు జతచేశాను. పోస్టర్లు ప్యాక్ చేసి సిద్ధంగా ఉంచాను. ఏ రోజు మనిషిని పంపుతారో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు
విశాఖపట్నం