తెప్పను తెప్ప అనే రాయండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పర్యాటక పేజీలో ఒక పెద్ద బోటు ఫొటో వేసి, 'కాటమరాన్ అనే విదేశీ పడవ' అని రాశారు. అదే రోజు జిల్లా పేజీలో అలకి బోల్తాపడిన మా పేట కుర్రాళ్ళ తెప్పను 'నాటు పడవ' అన్నారు. రెండు చోట్లా తప్పు మాట పడింది. నేను పోర్టులో లస్కరుగా, అంటే ఓడ పనివాడిగా చేరి, పెద్ద ఓడల్ని లాగే టగ్గు మీద సరంగుగా, అంటే ఆ పనివాళ్ళకి పెద్దగా రిటైరైనవాణ్ణి. మా నాన్న తెప్ప మీద వేటకెళ్ళినవాడు. చదివి ఊరుకోలేకపోయాను.

కాటమరాన్ ఎక్కడిదో కాదు, తమిళుల కట్టుమరం. కట్టు మనకీ కట్టే. వాళ్ళ మరం, మన మాను ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. కట్టిన మానులు, అంతే. డాంపియర్ అనే ఇంగ్లిషు నావికుడు కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో వాడే ఈ తెప్పల గురించి, ఆ పేరుతోనే, 1697లో అచ్చయిన తన యాత్రా పుస్తకంలో రాశాడు. రెండు పడవలు జోడించినట్టుండే బోటుకి ఆ పేరు తర్వాత తగిలించారు.

మా నాన్న ఒడ్డుకి రాగానే కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెట్టేవాడు. నీళ్ళు పీల్చిన దుంగ బరువెక్కిపోతుంది, సరిగా తేలదు. మళ్ళీ చీకటితోనే లేచి కట్టుకునేవాడు. రోజూ ఆ విప్పడం, కట్టడం చూసిన నాకు కట్టుమరం అన్న పేరు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. మేము దాన్ని తెప్ప అంటాం. సింహాచలం వరాహ పుష్కరిణిలో అప్పన్నకి జరిగేది తెప్పోత్సవం. మేలు మరిచినవాణ్ణి ఏరు దాటి తెప్ప తగలేశాడంటాం. దేవుడికీ సామెతకీ పనికొచ్చిన మాట వార్తకెందుకు పనికిరాదు?

పరాయి మాటల మీద కోపంతో రాస్తున్నానని అనుకోకండి. నా ఉద్యోగం పేరే పరాయిది. పారశీకంలో సర్‌హంగ్ అంటే సేనలో అధికారి, మన దగ్గర సరంగు అయ్యాడు. లష్కర్ అంటే సైన్యం, అదే లస్కరు. లంగరు కూడా ఆ భాషదే. చుక్కాని విషయంలో మాత్రం నేనే చాలాకాలం పొరబడ్డాను. చుక్కను చూసుకుని దారి మళ్ళించేది కనక చుక్కాని అనుకునేవాణ్ణి, నా పిల్లలకీ అలాగే చెప్పాను. అరబ్బీలో దాన్ని సుక్కాన్ అంటారు, మన మాట అక్కణ్ణుంచి వచ్చిందే. తెలిశాక ఇద్దరినీ కూర్చోబెట్టి మళ్ళీ చెప్పాను.

మా పేట పేరు కూడా మీ పేజీల్లో ఒక్కోసారి 'జలారిపేట' అని పడుతోంది. జలంతో దానికి సంబంధం లేదండీ. జాలం అంటే వల. వల పట్టినవాడు జాలారి. ఒక్క దీర్ఘం పోతే మా చేతిలో వల పోయినట్టే.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో ఇంజిన్ ఉన్న వేట పడవలేవీ సముద్రంలోకి వెళ్ళకూడదు. దాన్ని మీరు 'వేట నిషేధం' అని చక్కగా రాస్తారు. మా ఇళ్ళలో చేపలు పట్టడానికి వెళ్ళాడు అనరు, వేటకెళ్ళాడు అంటారు. ఆ మాట తీసుకున్నవాళ్ళు తెప్పనీ తీసుకోవచ్చు. ఇప్పుడు దుంగలు పోయి ఫైబర్ వచ్చింది, వెనక ఇంజిన్ వచ్చింది. అయినా మా ఒడ్డున దాన్ని తెప్ప అనే పిలుస్తాం. నిషేధం ముగిసి మావాళ్ళు సముద్రంలోకి దిగే రోజు ఫొటో వేస్తారు కదా, ఈసారి దాని కింద 'వేటకు బయల్దేరిన తెప్పలు' అని రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సరంగు,
పెదజాలారిపేట, విశాఖపట్నం