పెంచలకోన దారిలో సీసా పెంకులు

సంపాదకుల వారికి,

అయ్యా,

కార్తీకమాసంలో ఒక ఆదివారం పెంచలకోన నరసింహస్వామి గుడికి వెళ్లాం. స్వామి దర్శనం అయ్యాక వాగు వెంబడి కొండల్లోకి కాసేపు నడిచి రావాలని మా అక్క కొడుకు పట్టుబట్టాడు. వాడికి పన్నెండేళ్లు. ఈశాన్య వానలు పడి వాగు నిండుగా పారుతోంది. రాళ్ల మీద నీళ్లు తేటగా, అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. చెప్పులు విప్పి దిగాడు. రెండడుగులు వేశాడో లేదో "పిన్నీ!" అని ఒక్క కేక. అరికాల్లో సీసా పెంకు దిగబడింది. బొటనవేలి గోరంత ఆకుపచ్చ ముక్క. లాగితే నెత్తురు ఆగలేదు.

ఆ దాపులనే మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన పరుగున వచ్చాడు. దారి పక్కన గాయపాకు కోసి, అరచేతిలో నలిపి, పసరు పిండి, తన తువ్వాలు అంచు చించి కట్టు కట్టాడు. "ఏడవబాక అబ్బయా, తగ్గిపోద్ది" అని వాడికి చెప్పి, మా వైపు తిరిగి ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఈ కొండలో ఎలుగ్గొడ్డుకు కూడా మేం ఇంత భయపడం తల్లీ. ఈ పెంకులకే భయం. మేకల గిట్టలు చీరుకుపోతుండాయి." రాపూరు తీసుకెళ్లి కుట్లు వేయించి, టీటీ ఇంజెక్షన్ చేయించి, రాత్రికి నెల్లూరు చేరాం.

పదిహేను రోజుల తర్వాత ఇరుగుపొరుగు ఎనిమిదిమందిమి గోతాలు, చేతితొడుగులు పట్టుకుని మళ్లీ వెళ్లాం. రెండు ఫర్లాంగుల దారిలో మూడు గోతాలు నిండాయి. సగం సీసాలు, పెంకులు. తక్కినవి నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, కుర్‌కురే ప్యాకెట్లు. ఇదంతా భక్తులు చేసిందనలేను. కొబ్బరికాయ కొట్టడానికి వచ్చినవాళ్లు ఆ బండల చాటుకు రారు. తాగడానికి చాటు కావాల్సినవాళ్లే వస్తారు.

నేను చెప్పదలుచుకున్నది అక్కడే ఉంది. ఆ దారి ఎవరిదీ కాకుండా పోయింది. పోవచ్చా, పోకూడదా, ఎంతదూరం, ఏ వేళ వరకు అని చెప్పే బోర్డు మాకు ఒక్కటీ కనబడలేదు. ముందుగా అడిగి వెళ్దామని ఒక కార్యాలయానికి పోతే, ఒక బల్ల దగ్గర "ఫర్వాలేదు వెళ్లండి" అన్నారు, పక్క బల్ల దగ్గర "ఎర్రచందనం అడవి, కేసు అవుతుంది" అన్నారు. ఈ మాట విన్న సంసారులు పిల్లల్ని తీసుకుని వెళ్తారా? వెళ్లరు. మేం కూడా గుడి దాటి ఎక్కువ దూరం పోకుండా వాగు ఒడ్డునే తిరిగాం. కేసుకు భయపడనివాళ్లే లోపలికి పోతున్నారు.

ఎర్రచందనం గురించిన జాగ్రత్త అవసరమే, అందులో వాదన లేదు. వెలిగొండల్లోని ఈ అడవిని 1997లో పెనుశిల నరసింహ అభయారణ్యంగా ప్రకటించారు. నెల్లూరు, కడప జిల్లాల్లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. దాన్ని ఇష్టం వచ్చినట్లు తొక్కమని నేను అడగడం లేదు. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ అభయారణ్యంలోకి పర్యాటకులకు అనుమతి ఇచ్చే వీలు కల్పించింది. ఆ వీలును వాడుకుని ఒక్క దారి, ఆ ఒక్కటి చాలు, గుర్తులు పెట్టి తెరవండి. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం మూడు వరకు, రోజుకు ఇంతమందే అని లెక్క పెట్టండి. వానలు తగ్గినప్పటి నుంచి మాఘం దాకా తెరిచి, ఎండాకాలం నిప్పు భయం ఉన్నన్నాళ్లు మూసేయండి.

దారి చూపేవాళ్లను ఎక్కడో వెతకాల్సిన పని లేదు. ఈ కోనలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని మన నమ్మకం. అడవిబిడ్డ ఇంటికి అల్లుడైన స్వామి ఆయన. ఇంటికొక పెంచలయ్య, పెంచలమ్మ ఉన్న జిల్లా మనది. ఆ కొండ చుట్టుపక్కల ఊళ్ల యానాదులకు ఏ రాయి కింద నీరు ఊరుతుందో, ఏ బండ జారుతుందో తెలుసు. వాళ్లకు రోజుకూలి ఇచ్చి ప్రతి బృందం వెంట ఒకరిని పంపితే, సీసా చంకన పెట్టుకుని వచ్చేవాడు అక్కడ కూర్చోగలడా? తలకోనలోనూ మారేడుమిల్లిలోనూ స్థానికులతో ఏర్పడిన వన సంరక్షణ సమితుల చేత పర్యాటకం నడిపిస్తున్నారు. ఆ పద్ధతి మనకు కొత్త కాదు.

ఉదయగిరి దుర్గం మాటా చెప్పాలి. నా మనసుకు జిల్లాలో అంతకు మించిన నడక లేదు. దాదాపు 3,000 అడుగుల కొండ. కింద అయిదు, పైన ఎనిమిది, మొత్తం పదమూడు కోటలు ఉండేవట. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గజపతుల నుంచి దీన్ని గెలిచి, ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లాడు. ఒకరి వెనక ఒకరు మాత్రమే ఎక్కగలిగిన దారి ఒక్కటే ఉండేదనీ, రాయలు బండరాళ్లు పగలగొట్టించి సైన్యానికి బాటలు వేయించాడనీ ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడొకరు రాసిపెట్టాడు. అలాంటి కొండ మీద ఈరోజు ఎటు పోవాలో తెలియక కంపల్లో పడి తిరిగాం. ప్రాకారం రాళ్ల మీద ప్రేమికుల పేర్లు పెయింటుతో రాసి ఉన్నాయి. కింద ఊళ్లో ఆడవాళ్లు నర్ది, బిక్కి కర్రతో గరిటెలు, స్పూన్లు చెక్కుతారు. ఎంత నున్నగా చేస్తారో! కొండెక్కి దిగినవాళ్లు ఒక్కొక్కరు రెండు గరిటెలు కొన్నా ఆ ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది.

నెల్లూరుకు పదిహేను కిలోమీటర్ల లోపున్న నరసింహకొండ సంగతి సులువు. మెట్లున్నాయి, తెల్లారుజామున ఎక్కితే పెన్న ఇసుక, అవతలి ఒడ్డున జొన్నవాడ కనబడతాయి. అక్కడ కావాల్సింది చెత్తడబ్బాలు, వాటిని రోజూ ఖాళీ చేసే మనిషి. ఉమ్మడి ప్రకాశం జిల్లా భైరవకోనలో ఎనిమిది గుహాలయాల ముందే జలపాతం పడుతుంది కాబట్టి అక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

మనుషుల్ని రానిస్తే అడవి పాడవుతుందనే వాళ్లు ఒకసారి నేలపట్టు చూసి రండి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అది తిరుపతి వైపు పోయింది గానీ, మనం చూస్తూ పెరిగిందే. 1976 నుంచి పక్షుల కేంద్రం. గేటు ఉంది, టికెట్ ఉంది, వాచ్ టవర్ ఉంది. ఏటా జనం వస్తున్నారు, గూడబాతులూ వస్తున్నాయి.

సీసాల సంగతికి కూడా దారి ఉంది. నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే ఆ పది తిరిగి ఇస్తున్నారు. రాపూరు, ఉదయగిరి, సీతారామపురం మండలాల దుకాణాల్లో ఇది మొదలుపెట్టమని జిల్లా కలెక్టరు గారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. పది రూపాయలొస్తాయంటే పడేసినవాడు ఏరకపోయినా మరొకరు ఏరుకుంటారు.

మేం ఎనిమిదిమందిమి నెలకో ఆదివారం వస్తాం, గోతాలు మావే. మొన్న నింపిన మూడు గోతాలను ఎక్కడ వేయాలో అక్కడ చెప్పేవాళ్లు లేక, కారు డిక్కీలో పెట్టుకుని నెల్లూరు తెచ్చి మా వీధి చెత్తబండిలో వేశాం. వచ్చేసారికైనా కొండ కింద ఒక ట్రాక్టర్ ట్రక్కు నిలబెట్టిస్తారని ఆశిస్తున్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మూలాపేట, నెల్లూరు.