కృష్ణవేణి గారి రీళ్ల సంగతి: రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఎం.డి. గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నటి, గాయని, నిర్మాత కృష్ణవేణి గారు 2025 ఫిబ్రవరి 16న, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. 1936లో ‘సతీ అనసూయ’లో బాలనటి, 1949లో ‘మనదేశం’ నిర్మాత. ఎన్.టి. రామారావు తొలిసారి తెరకెక్కింది అందులోనే, పోలీసు వేషంలో. అందరూ ఆ ఒక్క ముక్కే చెబుతారు, ఆమె గొంతు ఊసెత్తరు.

ఆమెకు విగ్రహం సంగతి తర్వాత, ముందు ఆమె సినిమాల రీళ్లు వెతికించండి. ఆనాటి 35 ఎం.ఎం. ఫిల్ము ఎక్కువగా నైట్రేట్ రకం, ఇట్టే నిప్పంటుకునేది. వెయ్యి అడుగుల రీలంటే పదకొండు నిమిషాల బొమ్మ. వేడికీ చెమ్మకీ ముందు బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత చుట్లు జిగురెక్కి అతుక్కుంటాయి, చివరికి డబ్బాలో మిగిలేది గోధుమరంగు పొడే. నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. కాబట్టి ‘ఒకసారి వేసి చూద్దాం’ అని ప్రొజెక్టరు ఎక్కించొద్దు. తర్వాతి కాలంలో నైట్రేట్ బదులు వచ్చిన అసిటేట్ ఫిల్ము ప్రింట్లు వెనిగర్ వాసనేస్తే విడిగా పెట్టించండి, ఆ ఆవిరి పక్క డబ్బాలనూ పాడుచేస్తుంది.

స్కానింగుకు ముందు ఫిల్ము అంచుల్లో చిరిగిన రంధ్రాలు అతికించి, ఫిల్ము ఎంత కుదించుకుపోయిందో కొలిపించండి. ఒక శాతం దాటితే పళ్లచక్రాల యంత్రం చింపేస్తుంది. ఫిల్ము మీద మాట, పాట నమోదైన శబ్దపట్టీని విడిగా స్కాన్ చేయమని టెండరులోనే రాయండి. లేకపోతే బొమ్మ తళతళలాడుతుంది, పాట మాత్రం గరగరమంటుంది.