ఓడలకు కావలసింది ఇంకో ఫారం కాదు, ఇంకో మనిషి

సంపాదకులు గారికి,

ఓడ ప్రమాదం జరిగిన ప్రతిసారీ వినిపించే డిమాండ్ ఒకటే: నిబంధనలు కఠినం చేయాలి. ఇంజన్ రూముల్లోనే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఓడల మీద నిబంధనలకు కొదవ లేదు. కొదవంతా మనుషులకి, ఆ మనుషుల నిద్రకి.

సముద్ర కార్మికుల ఒప్పందం (ఎంఎల్‌సీ 2006) ప్రకారం ప్రతి 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారం మొత్తమ్మీద 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటల్ని రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలుండాలి. ఎవరు ఎప్పుడు పనిచేశారో ఇప్పుడు కంప్యూటర్‌లో నింపుతారు. లెక్క తప్పితే ఆ గడి ఎర్రబడుతుంది. అప్పుడు మనిషిని పడుకోబెట్టడం జరగదు, గడి మామూలు రంగుకు వచ్చేదాకా అంకెలు సర్దడం జరుగుతుంది. ఎర్ర గడులతోనే షీటు పంపితే ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది, పని ప్లాన్ చేసుకోవడం నేర్చుకోండి అని. అదనపు మనిషి మాత్రం రాడు. ఇది నా ఒక్కడి మాట కాదు. స్వీడన్‌లోని వరల్డ్ మారిటైమ్ యూనివర్సిటీ 2020లో ఇచ్చిన నివేదిక కూడా ఈ సర్దుబాట్లు మామూలైపోయాయనే తేల్చింది.

చిన్న సరుకు ఓడల సంగతి ఇంకా అన్యాయం. చాలావాటిలో బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద వాచ్ (కాపలా డ్యూటీ) చేసేది కెప్టెన్, మేట్ (కెప్టెన్ కింది ఆఫీసర్) ఇద్దరే. ఆరు గంటలు ఒకరు, ఆరు గంటలు ఇంకొకరు. ఒక్కొక్కరికి వారానికి వాచ్ ఒక్కటే 84 గంటలు. వారంలో ఉన్న 168 గంటల్లోంచి 77 విశ్రాంతి తీసేస్తే మిగిలేవి 91. అంటే రేవులోకి రావడం, పోవడం, సరుకు పని, డ్రిల్లులు, తనిఖీలు, కాగితాలు అన్నీ కలిపి వారానికి 7 గంటల్లో అయిపోవాలి! ఏ రేవులోనైనా ఒక్క రోజు సరుకు పనికే అది చాలదు. అయినా షీట్లలో లెక్క మాత్రం చక్కగా సరిపోతూనే ఉంటుంది.

2010 ఏప్రిల్ 3న షెన్ నెంగ్ 1 అనే బొగ్గు ఓడ ఆస్ట్రేలియాలోని గ్లాడ్‌స్టోన్ రేవు నుంచి బయల్దేరి, కొన్ని గంటలకే గ్రేట్ బారియర్ రీఫ్ ప్రాంతంలో నీటి అడుగు దిబ్బ ఎక్కేసింది. తిప్పాల్సిన చోట ఓడను తిప్పలేదు. వాచ్‌లో ఉన్న చీఫ్ మేట్ (కెప్టెన్ తర్వాతి ఆఫీసర్) లోడింగ్ పని చూసుకుని వచ్చినవాడు. అంతకు ముందు 38 గంటల పైచిలుకులో అతను పడుకున్నది రెండున్నర గంటలని దర్యాప్తులో తేలింది. ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు ఓడ పేరు అనగానే జనానికి గుర్తొచ్చేది కెప్టెన్ మద్యం గొడవ. కానీ 1989లో అలాస్కా దగ్గర ఆ ఓడ రాళ్లకెక్కినప్పుడు బ్రిడ్జి మీద ఉన్నది థర్డ్ మేట్ (కింది స్థాయి ఆఫీసర్). అలసట, పని ఒత్తిడి వల్లే అతను ఓడను సరిగ్గా తిప్పలేకపోయాడని అమెరికా రవాణా భద్రతా బోర్డు రాసింది. విశ్రాంతి తీసుకున్న, సరిపడా సిబ్బందిని ఇవ్వలేదని కంపెనీనీ తప్పుపట్టింది. ఆ ముక్క ఎవరికీ గుర్తులేదు.

ఓడల యాజమాన్యాలకు అసలు బాధ్యత తగిలించింది 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగా రేవు దగ్గర జరిగిన ప్రమాదం. హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ప్రయాణికుల ఓడ ముందు తలుపులు తెరిచి ఉండగానే రేవు దాటింది. నీళ్లు లోపలికొచ్చి ఓడ పక్కకు ఒరిగిపోయింది, 193 మంది పోయారు. తలుపులు మూయాల్సిన మనిషి తన కేబిన్‌లో నిద్రపోతున్నాడు. తలుపు మూసుకుందో లేదో బ్రిడ్జి మీద తెలిసేలా దీపం పెట్టమని కెప్టెన్లు అంతకు ముందే అడిగితే ఆఫీసువాళ్లు తేలిగ్గా కొట్టిపారేశారు. ఆ అనుభవం నుంచే ఐఎస్‌ఎం కోడ్ (ఓడల సురక్షిత నిర్వహణ నియమావళి) పుట్టి 1998 నుంచి తప్పనిసరైంది. ఒడ్డున కూర్చున్నవాళ్లను జవాబుదారీ చేయాలన్నది దాని ఉద్దేశం. ఆచరణలో ఓడ మీది వాళ్ల సంతకాలు పోగేసే ఏర్పాటుగా మిగిలింది. పోయినసారి రిస్క్ అసెస్‌మెంట్ (పనిలో ప్రమాదాల అంచనా పత్రం) తెరిచి, తేదీ మార్చి, ప్రింట్ తీయడం ఏ ఓడలోనైనా చూడొచ్చు.

2004 జులై నుంచి ఓడలకు, రేవులకు దాడుల నుంచి రక్షణ కోసం ఐఎస్‌పీఎస్ భద్రతా నిబంధనలూ వచ్చాయి. గ్యాంగ్‌వే (ఓడ ఎక్కే మెట్లు) దగ్గర కాపలా, వచ్చిపోయేవాళ్ల రిజిస్టర్, సంచుల తనిఖీ. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడుల మూలంగా అదనపు నిఘా. అవసరమే, కాదనను. చేసేది మాత్రం ఆ ఉన్న మనుషులే.

చేయాల్సినవి రెండు. మొదటిది, తనిఖీ అధికారులు విశ్రాంతి షీటును దానికదే చూసి టిక్ పెట్టడం మానాలి. రాత్రుళ్లు మనిషి లేకుండా నడిచే ఇంజన్ రూములో అలారం మోగితే డ్యూటీ ఇంజనీర్ కేబిన్‌లో వినిపిస్తుంది. రెండింటికి లేచి కిందికి పోయి, అలారం ఆపి, లీకు సరిచేసి వచ్చేసరికి మూడున్నర. అలారం ఎప్పుడు మోగిందో, ఎప్పుడు ఆపారో మెషీన్ రికార్డులో ఉంటుంది. షీటులో మాత్రం ఆ రాత్రంతా విశ్రాంతే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటానికి పది నిమిషాలు చాలు. చీఫ్ మేట్ నిద్రలో ఉన్నట్టు రాసిన గంటలో బల్లాస్ట్ లాగ్‌లో (ఓడ నిలకడకు నింపే నీటి రికార్డులో) అతని సంతకం ఉందేమో కూడా చూడొచ్చు.

రెండోది, ఇద్దరితో వాచ్ నడిపే ఓడలకు మూడో ఆఫీసర్‌ను తప్పనిసరి చేయాలి. కనీస సిబ్బంది ఎంతో తేల్చేది ఓడ ఏ జెండా కింద నమోదైందో ఆ దేశం. జెండాను ఎంచుకునేది యజమాని. అందుకే ఒక్కో దేశానికి వదిలేస్తే ఇది జరగదు, ఐఎంఓ (ఐక్యరాజ్యసమితి సముద్ర సంస్థ) స్థాయిలోనే తేలాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఈసారి ఓడ ప్రమాదం వార్త రాసేటప్పుడు, వాచ్‌లో ఉన్న వ్యక్తి అంతకు ముందు రెండు రోజుల్లో ఎన్ని గంటలు పడుకున్నాడో, ఓడలో మొత్తం ఎంతమంది ఉన్నారో కంపెనీని అడగండి. కెప్టెన్ అరెస్టు ఫొటో ఎలాగూ వేస్తారు, పక్కనే ఆ జవాబు కూడా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత చీఫ్ ఇంజనీర్