రవాణా మంత్రి గారూ, ఆ బోల్టు తల మీద ఏముందో చూడమనండి

రవాణా శాఖ మంత్రి గారికి నమస్కారం.

నాది గజపతినగరం. పదమూడేళ్లుగా సొంత గూడ్స్ బండి నడుపుకుంటున్నాను. కూరగాయలు, సిమెంటు, పెళ్లి సామాన్లు, సీజన్లో మామిడి, ఏ లోడు దొరికితే అది. ఉత్తరాంధ్ర డ్రైవరు ఉత్తరం రాశాడంటే గుంతల గురించే అనుకుంటారేమో, గుంతల గురించి చాలామంది రాశారు, అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను రాసేది బోల్టు గురించి. నవ్వకండి, పూర్తిగా చదవండి.

మొన్న మే నెలలో మామిడి ట్రేలతో విజయనగరం వస్తున్నాం, నేనూ మా బావమరిదీ. ఇంకా తెల్లారలేదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగానో లేదో కింద టక్కుమంది, స్టీరింగ్ ఎడమ వైపు లాగేసింది. స్పీడ్ బ్రేకర్ కాబట్టి బండి మెల్లగా ఉంది, అందుకే ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. దిగి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే ముందు ఎడమ చక్రం వంకరగా వాలిపోయి మడ్‌గార్డుకి ఆనుకుని ఉంది. చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చెయ్యి లాంటి లోయర్ ఆర్మ్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టు రెండు ముక్కలైపోయింది. తెల్లారేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాం, ఎండెక్కాక సగం పళ్లు మెత్తబడి పోయాయి. అది వేరే ఏడుపు.

ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరే ఉంది. విరిగిన చోటు పట్టి చూస్తే సగానికి పైగా నున్నగా, తుప్పు రంగులో, చెట్టు మొద్దు మీద వలయాల్లా గీతలు గీతలుగా ఉంటుంది. మిగతాది గరుగ్గా, కొత్త ఇనుములా మెరుస్తుంది. అంటే ఆ రోజు విరిగింది ఆ మెరిసే ముక్క మాత్రమే, తుప్పు పట్టిన భాగం అంతకుముందు ఎన్ని రోజులనుంచో మెల్లమెల్లగా చీలుతూనే ఉంది. నేను ఆ బండి మీదే రోజూ తిరిగాను.

ఆ బోల్టు వేయించి ఐదు నెలలు కూడా కాలేదు. ఆ ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు బుష్‌లు మార్చడానికి షెడ్డుకి ఇస్తే, పాత బోల్టు బుష్ గొట్టంలో తుప్పుతో బిగుసుకుపోయిందని కట్టర్‌తో కోసి తీశారు. కంపెనీది కావాలంటే విశాఖ నుంచి రావాలి, రెండు రోజులు బండి ఆగిపోతుంది. కుర్రాడిని బోల్టుల షాపుకి పంపితే అదే లావు, అదే పొడవు ఉన్నది 40 రూపాయలకి తెచ్చాడు. "అన్నియ్యా, ఇనుము ఇనుమే కదేటి" అన్నాడు మేస్త్రి. నేనూ తలూపాను. తప్పు ఆయనది ఒక్కడిదే అంటే అన్యాయం.

తర్వాత టూల్ బాక్స్ వెతికితే కోసేసిన పాత బోల్టు తల దొరికింది. రెండిటినీ పక్కపక్కన పెట్టాను. పాతదాని తల మీద తయారీ కంపెనీ గుర్తు, దాని కింద 10.9 అని అచ్చు. కొత్తదాని తల గుండు కొట్టించినట్టు నున్నగా ఉంది, ఒక్క గీత లేదు.

మా పెద్దమ్మాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతోంది. ఆ అంకె సంగతి ఆ పిల్లే చెప్పింది. చుక్కకి ముందున్న అంకెని వందతో హెచ్చవేస్తే ఆ ఉక్కు తెగే బలం, మెగాపాస్కల్స్‌లో. చుక్క తర్వాతది, ఆ బలంలో పదింట ఎన్ని వంతుల దాకా లాగితే బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా ఉంటుందో చెబుతుంది. 8.8 అంటే తెగడానికి 800, సాగడానికి 640. 10.9 అంటే 1000, 900. మామూలు మైల్డ్ స్టీలు బోల్టు 4.6 అనుకుంటే 400, 240. మన భాషలో చెప్పాలంటే, 12 మిల్లీమీటర్ల మామూలు మర బోల్టుని అడ్డంగా కోస్తే బలం లెక్కలోకి వచ్చే వైశాల్యం సుమారు 84 చదరపు మిల్లీమీటర్లు, కాబట్టి 4.6 రకం దాదాపు 2 టన్నుల లాగుడుకే సాగిపోతుంది, 8.8 అయితే ఐదున్నర టన్నులు, 10.9 అయితే 7.7 టన్నుల దాకా ఓర్చుకుంటుంది. చూడ్డానికి మూడూ ఒకటే. ఒకే స్పానర్ పడుతుంది, ఒకే నట్టు ఎక్కుతుంది. ఈ అంకెనే క్లాస్ అంటారని, నట్టుకీ క్లాస్ ఉంటుందని, 10.9 బోల్టుకి 10 క్లాస్ నట్టు వేయాలని కూడా అప్పుడే తెలిసింది, పదమూడేళ్ల సర్వీసు తర్వాత.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోవాలి సార్. సస్పెన్షన్ బోల్టు బరువుని మేకులా మోయదు. ఫ్రేముకి ఉండే రెండు ఇనుప చెవుల మధ్య బుష్ గొట్టాన్ని గట్టిగా నొక్కి పట్టుకుంటుంది, ఆ ఒత్తిడికి పుట్టే రాపిడే బరువంతా మోస్తుంది. 10.9 కోసం కంపెనీ చెప్పిన బిగింపుతో బలం లేని బోల్టుని బిగిస్తే అది బిగించేటప్పుడే సాగిపోతుంది. అలాగని తగ్గించి బిగిస్తే పట్టు ఉండదు. ఎటు చేసినా కొన్ని రోజులకి వదులై, గొట్టం లోపల కదులుతూ, ప్రతి గుంతకీ ఒక సుత్తి దెబ్బ తింటుంది. అలా తిని తిని బోల్టు మీద మర గీతలు మొదలయ్యే చోట సన్నగా చీలిక పుడుతుంది. నా బోల్టుకి జరిగింది ఇదే.

"అయితే అన్నిటికీ 12.9 వేసేద్దాం" అనే మేస్త్రులూ ఉన్నారు. అది ఇంకో తలనొప్పి. అంత గట్టి ఉక్కుకి యాసిడ్‌లో ముంచి జింకు పూత వేస్తే హైడ్రోజన్ లోపలికి చేరి, బిగించిన కొన్ని గంటలకో రోజులకో ఏ హెచ్చరికా లేకుండా పుటుక్కున తెగే ప్రమాదం ఉంది. కుర్రాళ్లు బైకులకి వేయించుకునే మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టుల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాటి మీద ఏ2-70 అని ఉంటుంది, అంటే 700. తుప్పు పట్టదు నిజమే, కానీ బలంలో 8.8 కంటే తక్కువ, సాగే లెక్కలో అయితే 450 మాత్రమే. ఖరీదు ఎక్కువ కాబట్టి బలమూ ఎక్కువ అనుకుంటారు పాపం. కంపెనీ ఏ క్లాస్ వేసిందో ఆ క్లాసే వేయాలి, అంతే.

ఇప్పుడు మీ శాఖ దగ్గరికి వస్తాను. 8 ఏళ్లు దాటిన నాలాంటి బండికి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, చేయించాలి. లైట్లు చూస్తారు, హారన్ కొట్టమంటారు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, పెయింటు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం. స్టిక్కరు సరైన కంపెనీది కాదని నన్ను ఒకసారి వెనక్కి పంపారు కూడా. స్టిక్కరుకి అంత పట్టింపు ఉంది, చక్రాన్ని పట్టుకున్న బోల్టుకి లేదు! మేము ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మీ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) గారు ఇన్నేళ్లలో నా బండి కిందికి వంగి చూడటం నేను చూడలేదు. ఆయన్ని అనడం కాదు, ఒక్కరోజులో అన్ని బండ్లు చూడాలంటే ఎవరి నడుము వంగుతుంది?

అయినా అడుగుతున్నాను. స్టీరింగ్, సస్పెన్షన్, కమాన్ కట్టలని ఇరుసుకి బిగించే యూ ఆకారపు బోల్టులు (యూ బోల్టులు), ఈ మూడు చోట్ల తల మీద గుర్తు లేని బోల్టు కనిపిస్తే మార్చుకుని రమ్మని పంపండి. ఫైన్ వద్దు, మార్చుకుని రమ్మంటే చాలు. ఎఫ్‌సీ గ్రౌండులో ర్యాంపు కట్టించి నాలుగు లైట్లు పెడితే ఈ పని ఐదు నిమిషాలది. గోడకి తెలుగులో ఒక బోర్డు, 4.6 నుంచి 12.9 దాకా ఏ అంకెకి ఎంత బలమో, బొమ్మలతో. డ్రైవర్లు చదువుతారు సార్, అక్కడ గంటలు గంటలు కూర్చుని మేము చేసే పని ఇంకేముంది.

షాపుల మీద అధికారం మీది కాదని తెలుసు. కానీ మన దేశానికీ ఐఎస్ 1367 అని ప్రమాణం ఉంది, దాని ప్రకారం 8.8, ఆ పై క్లాసుల బోల్టు తల మీద తయారీదారు గుర్తూ క్లాస్ అంకే ఉండాలి. విజయనగరంలో జేఎన్‌టీయూ ఉంది, శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, బోల్టుని పట్టి లాగి ఎన్ని టన్నులకి తెగిందో చెప్పే మిషన్లు ఆ ల్యాబుల్లో ఉంటాయి. రెండు జిల్లాల బజార్ల నుంచి బోల్టులు కొనిపించి పిల్లల చేత టెస్టు చేయించి లెక్కలు బయట పెట్టించండి. 10.9 అని అచ్చు వేసి నాసిరకం అమ్మేవాళ్లూ దొరుకుతారు. బోల్టులకి కూడా ఇంత హడావిడి ఎందుకనిపిస్తే, అమెరికాలో బోల్టు బలానికి గుర్తుగా తల మీద వేసే గీతలు నకిలీవని తెలియక మోసపోయి, 1990లో దీని కోసమే ఒక చట్టం చేసుకున్నారు.

మా జిల్లాలో పైడితల్లి జాతరకి పూజారిని పైన కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను కోసం ఏటా కొత్త చింతమాను వెతుకుతారు. నిరుటిది బాగానే ఉంది కదా, అదే ఎత్తేద్దాం అని ఎవరూ అనరు, పైన కూర్చునేది మనిషి కాబట్టి. ఒకసారి విప్పిన యూ బోల్టులు మళ్లీ వాడొద్దని మేస్త్రికి చెప్పినప్పుడు నేను ఇదే చెప్పాను. వెంటనే ఒప్పుకున్నాడు. అంకెలు చెప్పినప్పుడు మాత్రం ఒప్పుకోలేదు.

వచ్చే నెల 12న నా బండి ఎఫ్‌సీ. ముందు రెండు పక్కలా 10.9 వేయించాను, ఒక్కోటి 180 రూపాయలు, రెండు రోజులు ఆగి విశాఖ నుంచి తెప్పించుకున్నవి. అంకెలు కనిపించాలని తలలు మట్టి లేకుండా తుడిచి ఉంచుతాను. ఎవరైనా కిందికి వంగితే చూపిస్తాను.

ఇట్లు,
ఒక గూడ్స్ బండి ఓనరు కమ్ డ్రైవరు,
గజపతినగరం, విజయనగరం జిల్లా